డ్యూరాలో లిక్విడ్ ఆర్గాన్ తీసుకుంటే లాభమా, గాలికి పోతుందా?

అనంత_ఎస్‌ఎస్ (అనంతపురం), సోమవారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది అనంతపురంలో చిన్న ఎస్‌ఎస్ ఫ్యాబ్రికేషన్ షాపు. పాల డెయిరీలకు ట్యాంకులు, హోటళ్లకు కిచెన్ సామాను, పని లేనప్పుడు గేట్లు, రెయిలింగులు చేస్తాం. అంతా టిగ్ వెల్డింగే, అంటే టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ పుట్టించి, గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ వదులుతూ అతికించడం. ఇన్నాళ్లూ ఆర్గాన్ సిలిండర్ల మీదే నడిపిస్తున్నాం. అదే, 7 క్యూబిక్ మీటర్ల నీలం సిలిండరు. ట్యాంకుల పని ముమ్మరంగా ఉంటే రోజుకొకటి ఖాళీ. దించే కూలీ, ఆటో బాడుగ వేరే. ఆదివారం గ్యాస్ అయిపోతే డీలర్ ఫోనే ఎత్తడు.

ఇప్పుడు అదే డీలరు "డ్యూరా పెట్టుకోండి సార్, లిక్విడ్ వస్తుంది, ఇరవై సిలిండర్లకు సమానం" అంటున్నాడు. డ్యూరా అంటే లిక్విడ్ గ్యాస్ నిలవ ఉంచే పెద్ద ఫ్లాస్కు లాంటిది. మా ఫోర్‌మన్ ఏమో "లిక్విడ్ అంటే మంచుగడ్డ లాంటిదే, వాడినా వాడకపోయినా కరిగిపోతా ఉంటుంది" అని కొట్టిపారేస్తున్నాడు. ఎవరి మాట వినాలి? షాపు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, రేకుల ఎత్తు 12 అడుగులు. డ్యూరా లోపలే ఒక మూలకు పెడదామని ఉంది.

బురుజుకాడ_బాషా (కర్నూలు), సోమవారం 9:40

డీలర్ చెప్పిందీ నిజమే, ఫోర్‌మన్ చెప్పిందీ నిజమే. ఆ మూల సంగతి మాత్రం మర్చిపో అన్నా. మిగతావాళ్లు వివరంగా రాస్తారు.

కోల్డ్‌బాక్స్_రాజు (గుంతకల్లు), సోమవారం 11:05

నేను తోరణగల్లు వైపు ఎయిర్ సెపరేషన్ ప్లాంటులో ఆపరేటర్‌గా చేశాను. ముందు ఒక మాట. నీకు ఇప్పుడు సిలిండర్‌లో వస్తున్న ఆర్గాన్ కూడా లిక్విడ్ నుంచే వస్తోంది. ఫిల్లింగ్ స్టేషన్‌కు ట్యాంకర్‌లో లిక్విడ్ వస్తుంది. దాన్ని పంపుతో ఒత్తి, వేపరైజర్‌లో ఆవిరి చేసి, 150 బార్ ఒత్తిడి దాకా సిలిండర్‌లో ఎక్కిస్తారు. డ్యూరా తీసుకుంటే ఆ ఎక్కించే పని ఒకటి తప్పుతుంది, అంతే. సరుకు వేరే కాదు.

ఇక తయారీ. గాలిలో ఆర్గాన్ 0.93 శాతం. ఫ్యాక్టరీలో ఎవరూ ఆర్గాన్‌ను పుట్టించరు, ఉన్నదాన్ని గాలిలోంచి ఏరుకోవడమే. గాలిని ఫిల్టర్ చేసి ఐదారు బార్లకు కంప్రెస్ చేస్తాం. మాలిక్యులర్ సీవ్ అనే సన్నని రంధ్రాల గుళికల్లో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ తీసేస్తాం. అవి మిగిలితే లోపల గడ్డకట్టి దారులన్నీ మూసేస్తాయి. తర్వాత కోల్డ్ బాక్స్. బయటికి రేకుల టవర్‌లా కనపడుతుంది, లోపల కాలమ్‌ల (గాలిని విడదీసే నిలువు గొట్టాల) చుట్టూ వేడి తగలకుండా పెర్లైట్ పొడి నింపి ఉంటుంది. అక్కడ గాలిని ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతల తేడాను బట్టి విడదీస్తాం.

చిక్కంతా ఇక్కడే ఉంది. నైట్రోజన్ మైనస్ 195.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఆక్సిజన్ మైనస్ 183. ఆర్గాన్ మైనస్ 185.8. నైట్రోజన్‌ను విడదీయడం సులువే. ఆక్సిజన్‌కూ ఆర్గాన్‌కూ మధ్య మూడు డిగ్రీలు కూడా లేదు! లో ప్రెషర్ కాలమ్ నడిమిట్లో ఒకచోట ఆర్గాన్ పది, పన్నెండు శాతం దాకా పోగవుతుంది. ఆ చోటును మేం ఆర్గాన్ బెల్లీ అంటాం. అక్కణ్ణుంచి ఒక పాయ లాగి క్రూడ్ ఆర్గాన్ కాలమ్‌కు ఇస్తాం. పాత ప్లాంట్లలో ఇక్కడ రెండు మూడు శాతం ఆక్సిజన్ ఇంకా మిగిలేది. దానికి హైడ్రోజన్ కలిపి, కేటలిస్ట్ మీద నీళ్లుగా మార్చి, ఆరబెట్టి తీసేవాళ్లు. ఇప్పటి ప్లాంట్లలో హైడ్రోజన్ అక్కర్లేదు. బాగా ఎత్తైన ప్యాక్‌డ్ కాలమ్‌లు పెట్టి, ఆక్సిజన్‌ను పది లక్షల్లో ఒకటి రెండు వంతులకు దించేస్తున్నారు. చివర్న ఇంకో చిన్న కాలమ్‌లో మిగిలిన నైట్రోజన్‌ను వదిలించుకుంటారు.

నైట్ షిఫ్టులో మాకు పెద్ద టెన్షన్ ఇదే. లోడ్ ఒక్కసారిగా మారి, ఆర్గాన్ పాయలోకి నైట్రోజన్ కాస్త ఎక్కువ జొరబడిందంటే పైనున్న కండెన్సర్ పనిచేయదు. కాలమ్‌లో నిలబడిన ద్రవమంతా కిందికి పడిపోతుంది. మళ్లీ ప్యూరిటీ పట్టుకోవడానికి గంటల తరబడి కూర్చోవాలి. ఆక్సిజన్, నైట్రోజన్ మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటాయి.

ఆదోని_జిన్నింగ్, సోమవారం 11:31

గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే కదా. ఆర్గాన్ దానికి ఇరవై రెట్లకు పైగా ఉంది. మరి సిఓటూ సిలిండర్ అంత చవక, ఆర్గాన్ ఇంత ఖరీదు ఎందుకు?

కోల్డ్‌బాక్స్_రాజు (గుంతకల్లు), సోమవారం 12:10

సిఓటూను గాలిలోంచి తీయరు కాబట్టి. ఎరువుల ఫ్యాక్టరీల్లో, డిస్టిలరీల్లో అది ఎలాగూ బయటికి వచ్చేదే, పట్టుకుని శుభ్రం చేస్తారు. మార్కెట్‌కు వచ్చే ఆర్గాన్‌కు గాలి తప్ప ఇంకో గని లేదు. అదీ ఆర్గాన్ కోసమే ఎవరూ ప్లాంటు కట్టరు. స్టీల్ ప్లాంటుకు వందల టన్నుల ఆక్సిజన్ కావాలి, దాని పక్కన ఇది వస్తుంది. అందుకే స్టీల్ ప్లాంటు షట్‌డౌన్ అయితే ఇక్కడ రెయిలింగ్ చేసేవాడికి గ్యాస్ దొరకదు. మార్కెట్లో ఆర్గాన్ రేటు ఎందుకు ఊగుతుందో తెలుసుకోవాలంటే ముందు స్టీలు సంగతి చూడాలి.

బురుజుకాడ_బాషా (కర్నూలు), సోమవారం 12:22

2021 మే నెల గుర్తుందా? సిలిండర్ కాదు కదా, ఖాళీ సిలిండర్ కూడా దొరకలేదు.

కోల్డ్‌బాక్స్_రాజు (గుంతకల్లు), సోమవారం 12:48

ఎలా మర్చిపోతాం? కరోనా రెండో వేవ్‌లో దేశంలో ఆక్సిజన్ కంటే ముందు దాన్ని మోసే ట్యాంకర్లు చాల్లేదు. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లలో సగం ఆక్సిజన్‌కు మార్చమని కేంద్రం చెప్పింది. మార్చడమంటే నీళ్లతో కడగడం కాదు. లోపల నూనె, గ్రీజు చుక్క కూడా ఉండకూడదు, లిక్విడ్ ఆక్సిజన్ తగిలితే అంటుకుంటుంది. వాల్వులు, కప్లింగులు మార్చి, పర్జ్ చేసి (లోపలున్న గ్యాస్‌ను తరిమేసి), అప్పుడు నింపాలి. ఆర్గాన్ ట్యాంకర్ దీనికి బాగానే పనికొచ్చింది. లిక్విడ్ ఆర్గాన్ లీటరు 1.4 కిలోలు, లిక్విడ్ ఆక్సిజన్ 1.14 కిలోలే. ఎక్కువ బరువుకు చేసిన ట్యాంకు తక్కువ బరువు మోయడానికి ఇబ్బందేముంది? మన జిల్లాలకు బళ్లారి వైపు నుంచి వచ్చిన ఆక్సిజన్ ట్యాంకర్లకు పోలీసు ఎస్కార్ట్ పెట్టిన రోజులు అవి.

వార్డు_టెక్నీషియన్ (కర్నూలు), సోమవారం 1:15

ఆక్సిజన్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. ఆ తర్వాత ఆసుపత్రుల్లో పీఎస్‌ఏ ప్లాంట్లు (గాలిలోంచి నైట్రోజన్ తీసేసి అక్కడికక్కడే ఆక్సిజన్ ఇచ్చేవి) పెట్టారు కదా. వాటిలో వచ్చే ఆక్సిజన్ 93 శాతమే, అటూ ఇటూగా మూడు. "మిగతా ఏడు శాతం ఏంటి, కల్తీనా?" అని ఒక పేషెంటు కొడుకు నిలదీశాడు. కల్తీ కాదు, అందులో ఎక్కువ భాగం ఆర్గానే. ఆ ప్లాంటులో ఉండే జియోలైట్ అనే ఖనిజం నైట్రోజన్‌ను పట్టుకుంటుంది గానీ ఆక్సిజన్, ఆర్గాన్ రెంటినీ ఒకే తీరున వదిలేస్తుంది. గాలిలో ఆక్సిజన్ 21, ఆర్గాన్ దాదాపు 1. నైట్రోజన్ మొత్తం తీసేసినా ఆక్సిజన్ 95, 96 దగ్గర ఆగిపోవాల్సిందే. పీల్చినవాళ్లకు ఏ హానీ లేదు, ఎలా లోపలికి పోతుందో అలాగే బయటికి వస్తుంది. ఫార్మకోపియాల్లో (మందుల ప్రమాణాల పుస్తకాల్లో) కూడా ఈ 93 శాతం ఆక్సిజన్‌కు విడిగా ప్రమాణం ఉంది.

ఆదోని_జిన్నింగ్, సోమవారం 1:20

అంటే ఆసుపత్రిలో పడుకుని ఆర్గాన్ పీలుస్తున్నామన్నమాట. బాగుందప్పా.

కడప_కెమిస్ట్రీ (కడప), సోమవారం 4:35

బయట తిరుగుతున్నా పీలుస్తూనే ఉన్నాం నాయనా, శ్వాసకు ఒక శాతం!

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. దీని చరిత్ర పిల్లలకు చాలా నచ్చుతుంది. 1785లోనే హెన్రీ కేవెండిష్ గాలిలో విద్యుత్ స్పార్కులు పంపి, నైట్రోజన్, ఆక్సిజన్ రెంటినీ తీసేసినా ఒక చిన్న బుడగ మిగిలిపోతోందని గమనించాడు. అది మొత్తంలో నూట ఇరవయ్యో వంతు కంటే ఎక్కువ ఉండదని రాసిపెట్టాడు. వందేళ్లకు పైగా ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1890ల్లో లార్డ్ రేలీ నైట్రోజన్ సాంద్రత కొలుస్తుంటే, గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.257 గ్రాములు, రసాయనాల నుంచి చేసిన నైట్రోజన్ 1.250 గ్రాములు వచ్చింది. తేడా అర శాతం. ఇంకొకరైతే తక్కెడ తప్పు అనుకుని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. విలియం రామ్సే తోడయ్యాడు. 1894లో ఇద్దరూ కలిసి ఆర్గాన్‌ను ప్రకటించారు. 1904లో రేలీకి ఫిజిక్స్‌లో, రామ్సేకి కెమిస్ట్రీలో నోబెల్ వచ్చింది.

ఆ రామ్సే మన పక్కకే వచ్చాడని చాలామందికి తెలియదు. టాటా తలపెట్టిన సైన్సు సంస్థ ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్పమంటే, 1900లో దేశమంతా తిరిగి బెంగళూరును సూచించాడు. అదే ఇప్పటి ఐఐఎస్‌సీ. దానికి మొదటి డైరెక్టర్ మోరిస్ ట్రావెర్స్. 1898లో రామ్సేతో కలిసి నియాన్, క్రిప్టాన్, జెనాన్ కనిపెట్టినవాడు ఈయనే. అదీ రాజు గారు చెప్పిన పద్ధతిలోనే, ద్రవ గాలిని మెల్లగా మరిగిస్తూ విడదీసి. అనంతపురం నుంచి రైలెక్కితే ఆయన కట్టిన సంస్థ దగ్గర దిగుతాం.

ఇంకోటి చెప్పి ఆపేస్తాను. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలో ఆర్గాన్ దొరుకుతుందేమోనని వెతికితే హీలియం దొరికింది. మన తుమ్మలపల్లె యురేనియం గురించి పాఠం చెప్పినప్పుడల్లా ఈ కథ కలుపుతాను.

గండికోట_కుర్రోడు, సోమవారం 5:02

మేడం, గాలిలో ఇంత ఆర్గాన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? దేంతోనూ కలవదు కదా, మరి ఏ రాయిలోనూ ఉండకూడదు.

కడప_కెమిస్ట్రీ (కడప), సోమవారం 5:40

మంచి ప్రశ్న. అది రాయిలోనే పుట్టింది. పొటాషియం-40 అనే రేడియోధార్మిక ఐసోటోపు ఉంది. సగం తరగడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. తరిగినదాంట్లో పదో వంతు ఆర్గాన్-40 అవుతుంది, మిగతాది కాల్షియం. గాలిలో ఉన్న ఆర్గాన్‌లో 99.6 శాతం ఇలా వచ్చిందే. మన సీమ గ్రానైట్‌లో గులాబి రంగు పలుకులు చూశావు కదా, అవి ఎక్కువగా పొటాషియం ఫెల్‌స్పార్. వాటిలో ఇప్పటికీ ఆర్గాన్ పుడుతూనే ఉంది, అక్కడే చిక్కుకుని ఉంటుంది. రాతిని కరిగించి ఆ ఆర్గాన్ ఎంతుందో కొలిచి వయసు కడతారు. పొటాషియం-ఆర్గాన్ డేటింగ్ అంటే అదే.

అనంత_ఎస్‌ఎస్ (అనంతపురం), సోమవారం 8:50

మేడం, బాగా చెప్పారు, పడుకునేటప్పుడు మా పిల్లోడికి చదివి వినిపిస్తా. నా డ్యూరా సంగతి ఎవరైనా చెప్పండయ్యా.

నంద్యాల_ట్యాంక్స్ (నంద్యాల), సోమవారం 10:15

నేను డ్యూరా వాడుతున్నా. లెక్క రాస్తా, నీ నంబర్లు పెట్టుకుని చూసుకో.

మామూలు డ్యూరాలో 180 లీటర్ల లిక్విడ్ పడుతుంది. కిలోల్లో 250. లీటరు లిక్విడ్ గది వేడికి వచ్చేసరికి 840 లీటర్ల గ్యాస్ అవుతుంది. అంటే మొత్తం 150 క్యూబిక్ మీటర్లు, నీ లెక్కలో 21 సిలిండర్లు. డీలర్ అబద్ధం చెప్పలేదు.

ఇక ఆవిరి. డ్యూరా అంటే ఒకదాంట్లో ఒకటి పెట్టిన రెండు ఎస్‌ఎస్ సీసాలు, మధ్యలో వాక్యూమ్. ఎంత వాక్యూమ్ ఉన్నా బయట మన మే నెల 42 డిగ్రీలు, లోపల మైనస్ 186. కొంచెం వేడి పోనే పోతుంది. మంచి కండిషన్‌లో ఉంటే రోజుకు ఒకటిన్నర శాతం ఆవిరవుతుంది. 150లో అది రెండు క్యూబిక్ మీటర్ల పైన. వారం షాపు మూసేసి తిరుపతి పోతే రెండు సిలిండర్ల గ్యాస్ పోయినట్టే. ఫోర్‌మన్ మాట అక్కడ నిజం.

అయితే ఆ ఆవిరి వెంటనే బయటికి పోదు. ముందు లోపల ప్రెషర్ పెరుగుతుంది. రిలీఫ్ వాల్వు సెట్టింగు దాకా, మాదాంట్లో 16 బార్, చేరితేనే బుస్ మంటుంది. ఈలోగా నువ్వు టార్చి వెలిగిస్తే ఎకనమైజర్ వాల్వు ముందు ఆ పై గ్యాస్‌నే లాగిస్తుంది, లిక్విడ్ జోలికి పోదు. కాబట్టి రోజూ వాడేవాడికి నష్టం లేదు. టార్చి నిమిషానికి 10 లీటర్లు తాగుతుందనుకో. రోజు మొత్తం మీద అన్ని టార్చీలూ కలిపి నాలుగు గంటలు ఆర్క్ కాలితే, ఆవిరయ్యేదంతా పనిలోనే పోతుంది. ఆర్క్ టైమ్ అంటే ఆర్క్ టైమే, షాపు తెరిచి ఉన్న టైమ్ కాదు. నీకు రోజుకో సిలిండర్ అయిపోతోందంటే, 7000 లీటర్లను పదితో భాగించు, దాదాపు 12 గంటల ఆర్క్. కళ్లు మూసుకుని తీసుకో.

గేట్ల పని మీద ఉండే నెలల్లో మాత్రం ఆలోచించు. అప్పుడు నీ వాడకం ఎంతో నువ్వే చెప్పాలి.

అనంత_ఎస్‌ఎస్ (అనంతపురం), మంగళవారం ఉదయం 7:30

అన్నా, చాలా థ్యాంక్స్. ట్యాంకుల్లో లోపలి వైపు కూడా పర్జింగ్ పెడతాం, అంటే ఆర్గాన్ నింపి గాలిని తరిమేస్తాం, అందుకే అంత తాగుతోంది. పని తక్కువ ఉన్నప్పుడు కూడా వారానికి మూడు సిలిండర్లు అవుతాయి.

నంద్యాల_ట్యాంక్స్ (నంద్యాల), మంగళవారం 7:52

వారానికి మూడు అంటే 21 క్యూబిక్ మీటర్లు. ఆవిరి 15, 16. గట్టున పడ్డావు, కానీ అంచుమీదే ఉన్నావు. పైగా ఆదివారం, పండగలు ఉన్నాయి. డ్యూరా పాతదైతే ఆవిరి ఇంకా ఎక్కువ. తీసుకునేటప్పుడు చేత్తో తడిమి చూడు. పైన వాల్వుల దగ్గర, వేపరైజర్ కాయిల్ ఉన్న మేర మంచు పట్టడం మామూలే, ముఖ్యంగా గట్టిగా వాడేటప్పుడు. వాడకుండా నిలబెట్టిన డ్యూరా ఒంటి మీద ఎక్కడైనా మంచు మచ్చ ఉన్నా, చెమట పట్టినట్టున్నా దాని వాక్యూమ్ పోయినట్టు. వెనక్కి పంపించెయ్.

ఎర్రగుంట్ల_సేఫ్టీ (ఎర్రగుంట్ల), మంగళవారం 10:20

లెక్కలు బాగున్నాయి. ఇప్పుడు ఆ మూల గురించి మాట్లాడదాం.

నీ షాపు 20, 30, 12 అడుగులు. 7200 ఘనపుటడుగులు, అంటే దాదాపు 204 క్యూబిక్ మీటర్ల గాలి. డ్యూరాలో 150 క్యూబిక్ మీటర్ల ఆర్గాన్. షట్టర్ దించిన రాత్రి రప్చర్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే పగిలే రేకు) పగిలి మొత్తం లోపలే వదిలిందనుకో, గదిలో ఆక్సిజన్ 21 నుంచి 10 దగ్గరికి పడిపోతుంది. అదీ సమానంగా కలిస్తే. ఆర్గాన్ గాలికంటే 1.38 రెట్లు బరువు, చల్లగా ఉన్నప్పుడు ఇంకా బరువు. కలవదు, నేలంతా పరుచుకుంటుంది. పొద్దున వచ్చి షట్టర్ ఎత్తడానికి వంగినవాడి ముఖం ఎక్కడుంటుందో ఆలోచించు. 19.5 కంటే తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. 10 లోపు స్పృహ పోతుంది. ఇంకా కిందికి పోతే రెండు మూడు శ్వాసలకే కుప్పకూలుతారు.

ఊపిరాడనట్టు అనిపిస్తే బయటికి పరుగెత్తొచ్చు కదా అనుకుంటారు. అనిపించదు. ఉక్కిరిబిక్కిరయ్యేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడే. ఆర్గాన్ పీల్చినా అది మామూలుగానే బయటికి పోతుంటుంది, ఆక్సిజన్ లేదని శరీరం చెప్పదు. వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు. మన ఊళ్లలో పాత బావి పూడిక తీయడానికి దిగినవాడు పడిపోవడం, వాణ్ణి తీయడానికి తమ్ముడు దిగి వాడూ పడిపోవడం అందరం విన్నదే. ఆర్గాన్‌తో నింపిన ట్యాంకులో జరిగేదీ అదే.

లోపల పర్జింగ్ పెడతామన్నావు. అక్కడ నాకు భయం వేసింది. నాకు తెలిసిన ఒక షాపులో పాల ట్యాంకు వెల్డింగ్ అయ్యాక, లోపల పడిన టంగ్‌స్టన్ రాడ్డు తీయడానికి హెల్పర్ మ్యాన్‌హోల్‌లోంచి తల, భుజాలు దూర్చాడు. కాళ్లు బయటే ఉన్నాయి, పక్కనోడు లాగాడు కాబట్టి బతికాడు. పర్జ్ చేసిన ట్యాంకులోకి చెయ్యి తప్ప ఏదీ పోకూడదు. బ్లోయర్‌తో గాలి కొట్టి, ఆక్సిజన్ మీటర్ కింది దాకా దించి, 20 పైన చూపిస్తేనే మనిషి దిగాలి. బావిలో దీపం దించినట్టు దించుతాం అంటే చాలదు. దీపం ఆరేసరికే ఆక్సిజన్ చాలా పడిపోయి ఉంటుంది.

డ్యూరా ఎక్కడ పెట్టాలి? బయట. పైన రేకు, మూడు వైపులా జాలీ. పక్కన గుంత, కాలువ, సెల్లార్ మెట్లు ఉండకూడదు. రిలీఫ్ వాల్వు బుస్ మంటే ఎవరూ కంగారు పడొద్దు. గ్యాస్ వేస్ట్ అవుతోందని దానికి ప్లగ్ కొట్టే మేధావులు ఉంటారు. లీటరు 840 లీటర్లు కావాలని చూస్తుంటే దారి మూసేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వార్డు_టెక్నీషియన్ (కర్నూలు), మంగళవారం 10:41

చర్మం మీద లిక్విడ్ పడితే రుద్దొద్దు. గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఉండాలి, ఆసుపత్రికి రావాలి. నూలు గ్లోవ్స్ వద్దు, లిక్విడ్ పీల్చుకుని చేతికి అతుక్కుంటాయి. వదులుగా ఉండే క్రయో గ్లోవ్స్ వేసుకుంటే విదిలించగానే ఊడిపోతాయి.

మట్టి_ల్యాబ్ (కర్నూలు), మంగళవారం 2:05

మా ల్యాబ్‌లో ఐసీపీ మెషీన్ ఉంది. నీళ్లు, మట్టి, ఖనిజం శాంపిళ్లలో ఏ లోహం ఎంతుందో చూస్తుంది. అందులో ఆర్గాన్ ప్లాస్మా మంట వేల డిగ్రీల్లో ఉంటుంది. నిమిషానికి 15 లీటర్లు ఆగకుండా పోతుంది, ఒక సిలిండర్ ఎనిమిది గంటలు కూడా రాదు. శాంపిళ్ల మధ్యలో సిలిండర్ అయిపోతే మంట ఆరిపోయి, కాలిబ్రేషన్ మళ్లీ మొదటినుంచి. అందుకే మేం కూడా లిక్విడ్‌కు మారాం.

ల్యాబ్‌వాళ్లకు ఒక జాగ్రత్త. లిక్విడ్ ఆర్గాన్ ద్రవంగా ఉండేది మూడున్నర డిగ్రీల మేరే. మైనస్ 189.3కి గడ్డకడుతుంది. లిక్విడ్ నైట్రోజన్ దానికంటే చల్లన. ఆర్గాన్ లైన్ తెరిచి ఉంచి కోల్డ్ ట్రాప్‌ను (ఆవిర్లను చల్లబరిచి పట్టే గాజు గొట్టాన్ని) లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచితే, ఆర్గాన్ లోపలికి లాగబడి ట్రాప్‌లో గడ్డకడుతుంది. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. తర్వాత ట్రాప్ వేడెక్కితే గాజు పేలిపోతుంది. ఆర్గాన్ వాడేటప్పుడు ఆ కాంబినేషన్ పెట్టకండి.

తాడిపత్రి_మెల్ట్‌షాప్ (తాడిపత్రి), మంగళవారం 6:30

అసలు పెద్ద తాగుబోతులం మేము కదా, మమ్మల్ని మర్చిపోయారు. లాడిల్ (కరిగిన ఉక్కు పోసే పెద్ద గిన్నె) అడుగున పోరస్ ప్లగ్ (గ్యాస్ దూరే సన్నని రంధ్రాల ఇటుక) ఉంటుంది. అందులోంచి ఆర్గాన్ బుడగలు పంపితే కరిగిన ఉక్కు కలియబెట్టినట్టవుతుంది. వేడి సమానంగా పరుచుకుంటుంది, మలినాలు పైకి తేలి స్లాగ్ అనే తెట్టులోకి పోతాయి. నైట్రోజన్ చవక కదా అని దాన్ని పంపితే ఉక్కులో కరిగి కొన్ని గ్రేడ్లను పెళుసు చేస్తుంది.

అనంత సార్ కోసే ఎస్‌ఎస్ షీటు కూడా ఆర్గాన్ లేకుండా రాదు. స్టెయిన్‌లెస్‌లో కార్బన్ తగ్గించాలి, క్రోమియం మిగలాలి. ఒట్టి ఆక్సిజన్ ఊదితే కార్బన్‌తో పాటు ఖరీదైన క్రోమియం కూడా కాలిపోతుంది. ఆర్గాన్ కలిపి ఊదితే బుడగలో కార్బన్ మోనాక్సైడ్ పాలు తగ్గుతుంది, అప్పుడు కార్బన్ ముందు పోతుంది, క్రోమియం ఉండిపోతుంది. దీన్ని ఏఓడీ (ఆర్గాన్ ఆక్సిజన్ డీకార్బరైజేషన్) అంటారు, 1960ల చివర్లో వాడకంలోకి వచ్చింది. ప్రపంచంలో స్టెయిన్‌లెస్ ఎక్కువ భాగం ఈ దారిలోనే తయారవుతుంది.

సోలార్_సైట్ (ఓర్వకల్లు), మంగళవారం 7:10

మా పలకలు కూడా ఆ లిస్టులో రాసుకోండి. సెల్‌కు వాడే సిలికాన్ కడ్డీని ఆర్గాన్ నింపిన కొలిమిలోనే లాగుతారు. కరిగిన సిలికాన్‌కు గాలి తగిలితే పనికిరాదు. శకునాల, గని ఊళ్ల దగ్గర మైళ్ల కొద్దీ కనపడే పలకల్లో కడ్డీ లాగి చేసిన ప్రతి సెల్లూ ఒకప్పుడు ఎక్కడో ఆర్గాన్‌లో పుట్టిందే.

జేఎన్‌టీయూ_ఫిజిక్స్ (అనంతపురం), మంగళవారం 9:45

నేను చెప్పేది ఎవరి షాపుకూ పనికిరాదు, అయినా చెప్తా. అమెరికాలో డ్యూన్ అనే న్యూట్రినో ప్రయోగం కడుతున్నారు. న్యూట్రినోలంటే దేన్నీ పెద్దగా తాకకుండా దూసుకుపోయే అతి చిన్న కణాలు. దక్షిణ డకోటాలో పాత బంగారు గనిలో, కిలోమీటరున్నర లోతులో. దానికి ఒక్కో మాడ్యూల్‌లో 17,000 టన్నుల లిక్విడ్ ఆర్గాన్ చొప్పున, మొత్తం నాలుగు మాడ్యూళ్లు ప్లాన్ చేశారు. 1300 కిలోమీటర్ల అవతల ఫెర్మీల్యాబ్ అనే ప్రయోగశాల నుంచి న్యూట్రినోలు నేలలోంచే వస్తాయి. ఎప్పుడో ఒకటి ఆర్గాన్ పరమాణువును గుద్దితే, ఊడిన ఎలక్ట్రాన్లు లిక్విడ్‌లో మీటర్ల దూరం ఈదుకుంటూ పోయి సెన్సార్లకు తగులుతాయి. అలా పోవాలంటే ఆక్సిజన్ వంద కోట్లలో ఒక వంతు కూడా ఉండకూడదు. 1977లో కార్లో రుబ్బియా ఈ పద్ధతి ప్రతిపాదించాడు. అదే దారిలో ఇటలీలో 760 టన్నులతో ఇకారస్ అనే డిటెక్టర్ నడిచింది.

గాలి నుంచి తీసిన ఆర్గాన్‌లో ఆర్గాన్-39 అని కొంచెం రేడియోధార్మికం ఉంటుంది. కిలోకు సెకనుకు ఒక విఘటన. డార్క్ మ్యాటర్ (విశ్వంలో కంటికి కనపడని పదార్థం) వెతికేవాళ్లకు అది కూడా ఎక్కువే. అందుకే భూమి లోపలి గ్యాస్ బావుల నుంచి వేరే ఆర్గాన్ తీస్తున్నారు.

అనంత_ఎస్‌ఎస్ (అనంతపురం), మంగళవారం 10:02

అంటే నా డ్యూరాలో సెకనుకు 250 పేలుతుంటాయా? ఇది మా ఆవిడకు చెప్పను.

కడప_కెమిస్ట్రీ (కడప), మంగళవారం 10:15

మీ ఒంట్లో పొటాషియం వల్ల సెకనుకు నాలుగు వేలు దాటుతాయి. డ్యూరాయే మీకు దూరంగా ఉండాలి!

అనంత_ఎస్‌ఎస్ (అనంతపురం), బుధవారం ఉదయం 8:40

సరే, తేల్చేశా. డ్యూరా లీజుకు తీసుకుంటున్నా. షాపు వెనక ఉత్తరం వైపు రేకు దించి జాలీ కట్టిస్తున్నా. ఆక్సిజన్ మీటర్ ఆర్డర్ పెట్టాను, పర్జింగ్ ట్యాంకుల మీద "లోపలికి తల పెట్టొద్దు" అని ఎర్ర పెయింటుతో రాయిస్తున్నా. రెండు డౌట్లు. రాత్రిపూట ఏ వాల్వులు కట్టాలి? పాత సిలిండర్లు అన్నీ వెనక్కి ఇచ్చేయాలా?

నంద్యాల_ట్యాంక్స్ (నంద్యాల), బుధవారం 9:25

రాత్రి యూజ్ వాల్వు (పనికి గ్యాస్ ఇచ్చేది), ప్రెషర్ బిల్డింగ్ వాల్వు (లోపల ప్రెషర్ పెంచేది) రెండూ కట్టెయ్. ప్రెషర్ బిల్డింగ్ తెరిచే ఉంచితే అది లిక్విడ్‌ను పనిగట్టుకుని ఆవిరి చేస్తుంది, తెల్లారేసరికి రిలీఫ్ వాల్వు కూస్తుంటుంది. వెంట్ వాల్వు ఎప్పుడూ కట్టే ఉండాలి. లైన్ రెగ్యులేటర్ మూడున్నర బార్ పెట్టుకో, ప్రతి టార్చి దగ్గర ఫ్లోమీటర్. జాయింట్లకు వారానికోసారి సబ్బు నీళ్లు కొట్టి చూడు. ఆర్గాన్ లీక్ అయితే నీకు కనపడేది బిల్లులోనే.

సిలిండర్లు రెండు ఉంచుకో. డ్యూరా ఎప్పుడూ నిటారుగానే ఉండాలి, ఆటోలో పడుకోబెట్టి సైట్‌కు తీసుకుపోలేవు. రెయిలింగ్ పనికి సిలిండరే గతి. వాటిని కూడా పూర్తిగా పిండకు, రెండు బార్లు మిగిలి ఉండగానే మార్చు. సున్నాకు దించితే గాలి, తేమ లోపలికి పోయి తర్వాత నింపిన గ్యాస్ పాడవుతుంది. అప్పుడు టంగ్‌స్టన్ మొన నల్లబడుతుంది, బీడ్‌కు (వెల్డింగ్ గీతకు) బూడిద రంగు వస్తుంది, నువ్వేమో వెల్డర్‌ను తిడతావు.

ఎర్రగుంట్ల_సేఫ్టీ (ఎర్రగుంట్ల), బుధవారం 9:50

లీజు కాగితంలో డ్యూరా చివరి టెస్ట్ తేదీ, రిలీఫ్ వాల్వు టెస్ట్ తేదీ రాయించుకో. డ్యూరా మీద పంచ్ చేసిన నంబరుతో సరిపోవాలి. రేపు వ్యాపారం పెరిగి 1000 లీటర్లు దాటిన ట్యాంకు పెట్టాలనుకుంటే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు సంగతి వేరు, అప్పుడు అడుగు.

అనంత_ఎస్‌ఎస్ (అనంతపురం), బుధవారం 10:05

శుక్రవారం డ్యూరా వస్తోంది. దించగానే ప్లేట్ ఫోటో, కాగితం ఫోటో ఇక్కడే పెడతా. మీరు ఓకే అన్నాకే డీలర్‌కు సంతకం.